వీసా ఒకటే మాట, కాగితాలు నాలుగు

చాలా కాలంగా ఇక్కడ ఏమీ వ్రాయలేదు. ఎందుకు వ్రాయలేదో చెప్పబూనితే అదే ఒక టపా అవుతుంది కనుక నేరుగా విషయంలోకి వస్తాను.

2025 జూలైలో ఒక ఆదివారం తెనాలి నుంచి మా మేనకోడలు ఫోను చేసింది. ముందు వారమే హైదరాబాదు నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేటులో ఇంటర్వ్యూ అయింది. ముద్రపడిన పాస్‌పోర్టు ఆ రోజే చేతికి వచ్చిందట. "మావయ్యా, ఐదేళ్ళకు వీసా ఇచ్చారు. ఇక ఐదేళ్ళదాకా కాగితాల గొడవ లేనట్లే కదా?" అని అడిగింది. గొంతు నిండా సంబరం. వెనుక మా అక్కయ్య పక్కింటివారికి మిఠాయి పంచుతున్న సందడి వినబడుతోంది. ఆ సంబరం మీద నీళ్ళు చల్లడం ఇష్టం లేక, "చాలా సంతోషమమ్మా, సాయంత్రం తీరిగ్గా మాట్లాడుకుందాం" అని పెట్టేశాను.

పెట్టేశాను గానీ ఆ వాక్యం నన్ను వదలలేదు. ఇంచుమించు అవే మాటలు 2006లో నాతోబాటు ఒకే గదిలో ఉండిన మిత్రుని నోట విన్నాను. ఆ మాటకు అతడు చెల్లించిన మూల్యాన్నీ దగ్గరుండి చూశాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పరదేశానికి చదువుకోవడానికి వెళ్ళే మన పిల్లలు కాగితాల దగ్గర చిక్కుల్లో పడితే నిర్లక్ష్యమనీ సోమరితనమనీ తేల్చేస్తాం. నాకు మాత్రం అందులో సగం తప్పు మన భాషదనిపిస్తుంది. ఆ కాగితాలన్నింటికీ కలిపి మనకున్నది ఒకే మాట: వీసా. "వాడికి వీసా వచ్చింది", "వీసా అయిపోయిందట, తిరిగి వచ్చేస్తాడట", "వీసా పొడిగించుకున్నాడు", "వీసా పాడు చేసుకున్నాడు" అని నాలుగు రకాలుగా అంటామే, ఈ నాలుగు వాక్యాల్లోనూ ఉన్న వస్తువు ఒకటి కాదు. మొదటి వాక్యంలో తప్ప మిగిలిన మూడింట్లో అది అసలు వీసాయే కాదు. జాలస్థలి, టపా, వ్యాఖ్య అన్న మాటలు ఖాయం చేసుకోవడానికి రాత్రిళ్ళు మేలుకుని వాదించుకున్నవాళ్ళం మనం. ఒక మాట లేకపోతే దానితోబాటు ఒక ఆలోచన కూడా లేకుండా పోతుందని మీకు నేను చెప్పనక్కరలేదు.

నాకు తెలిసినది అమెరికా సంగతి గనుక అదే చెబుతాను. పాస్‌పోర్టు నీవెవరివో చెబుతుంది. వీసా గుమ్మం దాకా తీసుకువెళ్ళి తలుపు తట్టనిస్తుంది, అంతే. తలుపు తీశాక లోపలికి రానిచ్చినట్లు సాక్ష్యం ఐ-94. ఇక ఏ పని మీద వచ్చావు, ఆ పని ఎప్పటికి పూర్తవుతుంది అన్న ప్రశ్నకు సమాధానం ఐ-20. ఈ ఆఖరిదాన్ని ఇచ్చేది కాన్సులేటు కాదు, చేర్చుకున్న విశ్వవిద్యాలయం. లోపల ఉన్నంతకాలం విద్యార్థిని నిలబెట్టేది ప్రధానంగా ఇదే. వీసా గడువు మధ్యలో తీరిపోయినా చదువుకు వచ్చిన ఇబ్బంది లేదు. మళ్ళీ దేశం దాటి తిరిగి రావలసినప్పుడే దానితో అవసరం. ఐ-20 గడువు తీరితే మాత్రం పాస్‌పోర్టులో వీసా ఎంత నిగనిగలాడుతున్నా ఆ మనిషి కాళ్ళ కింద నేల ఉండదు.

మన ఇళ్ళలో జరిగేది దీనికి తలకిందులు. వీసా కోసం చిలుకూరు వెళ్ళి బాలాజీ చుట్టూ 11 ప్రదక్షిణలు చేస్తాం, వచ్చాక 108 చేసి మొక్కు తీర్చుకుంటాం. ఆ స్వామికి వీసా బాలాజీ అన్న పేరే స్థిరపడిపోయింది. ఐ-20 పొడిగింపు కోసం ప్రదక్షిణ చేసినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. (ఆ శాఖ ఏ స్వామి చూస్తాడో తెలిసినవారు చెప్పగలరు.)

నేను 2005లో వెళ్ళాను. అప్పటికి హైదరాబాదులో కాన్సులేటు లేదు, 2008 అక్టోబరులో గాని బేగంపేట పైగా పాలెస్‌లో అది తెరవలేదు. తెనాలిలో రాత్రి రైలెక్కి చెన్నైలో దిగి, జెమినీ వంతెన పక్కన బారులో నిలబడి తెచ్చుకున్న వీసా నాది. విమానం దిగిన చోట ఒక అధికారి తెల్లని చిన్న చీటీ పాస్‌పోర్టుకు జతచేసి, దాని మీద తేదీ ఉండవలసిన చోట కలంతో డి/ఎస్ అని రెండక్షరాలు గీకి ఇచ్చాడు. విద్యార్థిగా నీ స్థితి నిలిచి ఉన్నంత కాలం ఉండవచ్చునని దాని అర్థం. ఆ రెండక్షరాల భావం నాకు మూడేళ్ళదాకా సరిగా తెలియదు. తేదీ వెయ్యకపోవడం ఔదార్యంలా కనబడుతుంది గాని, తేదీ లేని గడువును ఎవరికి వారు కనిపెట్టి ఉండాలి. ఆ తెల్లచీటీలు 2013లో పోయాయి. ఇప్పుడు ఐ-94 కంప్యూటరులో ఉంటుంది, వెదికి అచ్చు తీసుకోవాలి. చేతిలో చీటీ ఉన్నరోజుల్లోనే చూసుకోనివాళ్ళం, లేని చీటీని ఏం చూసుకుంటాం?

ఇక నా మిత్రుని కథ. అతడి పేరు చెప్పను, ఊరు కూడా చెప్పను, గుంటూరు జిల్లా అంటే చాలు. నలుగురం ఒక రెండు పడకగదుల అపార్టుమెంటులో ఉండేవాళ్ళం. నలుగురికీ కలిపి మూడు పరుపులు, అవీ ఎవరో పారేస్తే తెచ్చుకున్నవి, కుక్కరు ఒక్కటి. అతడి దగ్గర ఒక నల్లని జిప్పు సంచీ ఉండేది. అందులో పాస్‌పోర్టు, మార్కుల పత్రాలు, వేంకటేశ్వరస్వామి పటం, అమ్మ ఇచ్చిన కుంకుమ పొట్లం. ఐ-20 మొదటి పుట మూలన పసుపు చుక్క. ఆ సంచీని అతడు ఎంత భక్తితో చూసేవాడంటే తెరిచేవాడు కాదు. దసరాకు బయటకు తీసి దణ్ణం పెట్టుకుని మళ్ళీ లోపల పెట్టేసేవాడు.

రెండేళ్ళ ఎమ్మెస్. ఐ-20 మీద చదువు ముగిసే తేదీ 2007 మే. పరిశోధన ప్రయోగాలు అనుకున్నట్లు సాగక థీసిస్ వెనుకబడింది. ఇది వింతేమీ కాదు. ఆలస్యానికి చదువుకు సంబంధించిన కారణముంటే ఆ తేదీని పొడిగిస్తారు. చెయ్యవలసిన పని ఇంతే: తేదీ రాకముందు అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి వెళ్ళి, గురువుగారి చేత నాలుగు వాక్యాల ఉత్తరం వ్రాయించి ఇవ్వాలి. అరగంట పని. ఆ "ముందు" అన్న మాటలోనే ఉంది అంతా. తేదీ దాటాక అదే ఉత్తరం, అదే గురువు, అదే కారణం, దేనికీ విలువ లేదు. కార్యాలయంవారు రెండుసార్లు ఈమెయిలు పంపారు, పంపలేదనను. అవి విశ్వవిద్యాలయం ఇచ్చిన ఖాతాకు వెళ్ళాయి. మనవాడు యాహూ తప్ప వేరేది తెరిచేవాడు కాదు.

సెప్టెంబరులో డ్రైవింగు లైసెన్సు గడువు తీరి కొత్తది చేయించుకోవడానికి వెళితే, కౌంటరులోని ఆవిడ ఐ-20 చూసి, "ఈ కాగితం చెల్లదు" అన్నది. ఇంటికి వచ్చి ఆ మాట చెబుతూ నవ్వాడు. "ఆవిడకు తెలియదురా, వీసా 2010 దాకా ఉంది చూపించినా వినదే!" అన్నాడు. మేమూ నవ్వాం. ఆవిడకే తెలుసునని మరునాటికి గాని మాకు తెలియలేదు.

తప్పిన స్థితిని తిరిగి ఇమ్మని ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టుకునే వీలు ఒకటి ఉంది. తప్పిన నాటినుంచి ఐదు నెలల లోపు పెట్టుకోవాలి, పరిస్థితులు తన చేతుల్లో లేకపోయాయని రుజువు చేసుకోవాలి, అనుమతి లేని కొలువు చేసి ఉండకూడదు. ఆ సెమిస్టరులో ఒక ఆచార్యుని దగ్గర సహాయకుడిగా చేరవలసి ఉండి ఇంకా చేరలేదు గనుక ఆ ఒక్క గండం తప్పింది. కొలువు మాత్రం పోయింది. జీతం లేదు, ఫీజు రాయితీ లేదు, పూర్తి చదువు మాత్రం సాగిస్తూనే ఉండాలి. పరాయి రాష్ట్రపు విద్యార్థి కట్టే పూర్తి ఫీజు కట్టడానికి వాళ్ళ నాన్నగారు రెండెకరాలు తాకట్టు పెట్టారు. అక్టోబరు మొదటి వారంలో దరఖాస్తు వెళ్ళింది. అది తేలేలోగా దేశం దాటితే దరఖాస్తు వదులుకున్నట్లే.

2008 మాఘమాసంలో అతడి చెల్లెలి పెళ్ళి. ఒక్కడే అన్న. లాజహోమంలో పెళ్ళికూతురి దోసిట్లో పేలాలు పొయ్యవలసినవాడు. ఆ రాత్రి మేము ముగ్గురం వంటగదిలో కూర్చున్నాం, అతడు లోపలి గదిలో కాలింగ్ కార్డుతో ఫోను పట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. అటువైపు ఎవరో పందిట్లో సెల్‌ఫోను పైకెత్తి పట్టుకున్నారు. సన్నాయి వినబడుతోందని ఒకసారి చెప్పాడు. తరువాత, "పెదనాన్న కొడుకు పోస్తున్నాడట" అన్నాడు. కార్డులో నిమిషాలు అయిపోయేదాకా ఆ ఫోను చెవి దగ్గరనుంచి తియ్యలేదు.

మే నెలలో ఆమోదం వచ్చింది. రాకపోయి ఉంటే అప్పీలు లేదు. చదువు పూర్తిచేశాడు, ఉద్యోగం వచ్చింది, పొలం విడిపించాడు, ఇప్పుడు ఇద్దరు పిల్లలు. సుఖాంతమే. కాని ఆ పెళ్ళి వీడియో ఈనాటికీ చూడలేదని అతని భార్య ఒకసారి అన్నది.

ఇంత చూసిన నేను జాగ్రత్తపరుణ్ణయ్యానని అనుకుంటున్నారా? 2009 జనవరిలో ఇంటినుంచి తిరిగి వెళుతూ ఒక పెద్ద విమానాశ్రయంలో నిలబడ్డాను. నా ఐ-20 గడువు బ్రహ్మాండంగా ఉంది. మూడో పుట తిప్పిన అధికారి ఆగిపోయాడు. ప్రయాణానికి వెళ్ళేముందు విశ్వవిద్యాలయ ప్రతినిధి అక్కడ ఒక సంతకం చెయ్యాలి. (ఇప్పటి ఐ-20లలో అది రెండో పుటలో ఉంటుంది.) చదువుకునే వారికి ఆ సంతకం ఏడాది చెల్లుతుంది, చదువయ్యాక శిక్షణలో ఉన్నవారికి ఆరు నెలలే. నాది 14 నెలల కిందటిది. పక్కగదిలో మూడు గంటలు కూర్చోబెట్టారు. ఆ గదిలో సెల్‌ఫోను తియ్యకూడదు, పేరు పిలిచేదాకా లేవకూడదు. నా విమానం వెళ్ళిపోవడం గోడ గడియారంలో చూశాను. చివరికి ఐ-515ఎ అనే కాగితం ఇచ్చి, ముప్పై రోజుల్లో సంతకమున్న ఐ-20 పంపుకోమని వదిలారు. పంపుకున్నాను, సమసిపోయింది. తప్పు పూర్తిగా నాదే. మిత్రుడి విషయంలో తేదీ చూసుకోవాలని మాత్రమే నేర్చుకున్నాను. ఒకే కాగితం మీద రెండు గడువులు ఉండగలవని అప్పటిదాకా నాకు తోచలేదు.

అసలు ఇంత బిగింపు ఎందుకు అని విసుక్కునేవారికోసం కొంచెం చరిత్ర. 1993లో న్యూయార్కు వరల్డ్ ట్రేడ్ సెంటరు కింద బాంబు పేల్చినవారిలో ఒకడు విద్యార్థి వీసా మీద వచ్చి చదువు మానేసినవాడు. వాడెక్కడున్నాడో ప్రభుత్వానికి తెలియదు. విదేశీ విద్యార్థుల లెక్క కంప్యూటరులో పెట్టాలని 1996లో చట్టం చేశారు గాని పని నత్తనడక నడిచింది. 2001 సెప్టెంబరు తరువాత కూడా ఏం జరిగిందో చూడండి: ఆ విమానాలను కూల్చిన ఇద్దరికి విద్యార్థి హోదా మంజూరైందని తెలుపుతూ వలస శాఖ ఉత్తరాలు, వారు చనిపోయిన ఆరు నెలలకు, 2002 మార్చిలో ఫ్లోరిడాలోని విమాన శిక్షణ పాఠశాలకు చేరాయి. అంత నవ్వులపాలయ్యాక 2003లో సెవిస్ అనే వ్యవస్థ అమలులోకి వచ్చింది. చిరునామా మారినా, క్రెడిట్లు తగ్గినా, చదువు ఆగినా అన్నీ అందులో నమోదు కావలసిందే. ఆ నిఘా ఖర్చు కూడా విద్యార్థే భరిస్తాడు: నేను వంద డాలర్లు కట్టాను, 2019 జూన్‌లో అది 350 అయింది. ఎవరో చేసిన పాపానికి తెనాలి పిల్ల డబ్బు కట్టడం న్యాయమా అంటే కాదనే అంటాను. కాని అన్యాయమని తెలిసినంత మాత్రాన తేదీ ఆగదు.

చిరునామా విషయం వేరే చెప్పాలి, ఎందుకంటే దాన్ని మనవాళ్ళు ఎవరూ లెక్కచెయ్యరు. ఇల్లు మారితే పది రోజుల్లో తెలియజెయ్యాలి. మన విద్యార్థులు సెమిస్టరుకో ఇల్లు మారతారు, ఒక్కొక్కసారి అద్దెపత్రంలో పేరు కూడా ఉండదు. "స్నేహితుడి చిరునామా ఇచ్చేశాలే" అంటారు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయం మీద దాడి జరిగినప్పుడు, విద్యార్థులలో ఎక్కువమంది సనీవేల్‌లోని ఒకే అపార్టుమెంటులో ఉంటున్నట్లు లెక్కల్లో తేలింది. పదిహేనువందలకు పైబడిన ఆ విద్యార్థులలో అధికభాగం భారతీయులు, వారిలోనూ మన ఆంధ్రప్రదేశ్ పిల్లలే ఎక్కువ. కొందరి కాళ్ళకు ఎలక్ట్రానిక్ పట్టీలు తగిలించారు, ఆ చిత్రాలు చూసి మనమందరం మండిపడ్డాం. ఆ సంస్థ నడిపిన ఆవిడకు 2014లో పదహారేళ్ళకు పైగా శిక్ష పడింది.

ఇక్కడొక మెలిక ఉంది. ఆ పిల్లల ఐ-20లకు గడువు తీరలేదు. సంతకాలున్నాయి, తేదీలున్నాయి, అన్నీ ఉన్నాయి. తరగతి గది ఒక్కటే లేదు. 2019 జనవరిలో బయటపడ్డ ఫార్మింగ్టన్ వ్యవహారం మరీ విడ్డూరం: మిషిగన్‌లో ప్రభుత్వమే ఒక దొంగ విశ్వవిద్యాలయం పెట్టి, చేరినవారిని పట్టుకుంది. తొలి రోజుల్లో 130 మందిదాకా అదుపులోకి తీసుకోగా దాదాపు అందరూ భారతీయులే, ఎందరో తెలుగువారు. వల పన్నిన ప్రభుత్వాన్ని నేను సమర్థించలేను. ఎర వేసి, ఎర మింగినందుకు చేపను దండించడం పాలకులకు తగిన పని కాదు. అయితే పాఠం లేని చోట ఫీజు కడుతున్నానని తెలిసి తెలిసి కట్టినవారిని కూడా కేవలం అమాయకులనలేను. మోసపోయినవారూ ఉన్నారు, మోసమని తెలిసి చేరినవారూ ఉన్నారు. బయటినుంచి చూసి ఎవరు ఎవరో చెప్పడం నావల్ల కాదు. నాకు కోపం వచ్చేది మాత్రం "కాగితాలు కరెంటుగా ఉంటే చాలు" అని వాళ్ళకు నూరిపోసిన సీనియర్ల మీద, దళారుల మీద. చదువు ఉండి కాగితం లేకపోవడం నా మిత్రుడి కథ. కాగితం ఉండి చదువు లేకపోవడం వీళ్ళ కథ. "వాడికి వీసా ఉంది" అనే మన ఒక్క వాక్యం ఈ రెంటికీ సరిపోతుంది, అదే దాని దోషం.

సీనియర్ల ప్రస్తావన వచ్చింది గనుక మరొక్క మాట. మనవాళ్ళలో పరోపకారం ఎక్కువ. విమానాశ్రయానికి వచ్చి తీసుకువెళతారు, వారం రోజులు అన్నం పెడతారు, బ్యాంకు ఖాతా తెరిపిస్తారు. అటువంటి సీనియరు "ఏం కాదులే, నేనూ అలాగే చేశాను" అంటే ఎవడు కాదనగలడు? కాని అతడు చేసిన ఏడాది వేరు, అతడి ఐ-20 వేరు. చదువయ్యాక చేసే శిక్షణనే చూడండి. ఇంజనీరింగు, విజ్ఞానశాస్త్రాలవారికి అదనపు గడువు 2008లో 17 నెలలుగా మొదలై, 2016లో 24 నెలలయింది. ఉద్యోగం లేకుండా మొదటి సంవత్సరంలో మొత్తం 90 రోజులకు మించి ఉండకూడదనే నియమం చాలామందికి ఎనభయ్యో రోజున తెలుస్తుంది. 2012లో చదివిన అన్నయ్య జ్ఞాపకం మీద ఆధారపడితే ఈ లెక్కలు ఎలా కుదురుతాయి? అన్నం పెట్టిన చేతిని గౌరవించాలి, నిజమే. ఐ-20 మాత్రం ఎవరిది వారు చదువుకోవాలి. పెద్ద గ్రంథమేమీ కాదది, మూడు పుటలు.

పాస్‌పోర్టులోనూ తమాషాలున్నాయి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నందువల్ల అమెరికా కాగితాల్లో "ఎఫ్ఎన్‌యు", అంటే మొదటి పేరు తెలియదు, అని ముద్ర వేయించుకుని జీవితాంతం ఆ పేరుతో ఉత్తరాలు అందుకునే తెలుగువాళ్ళను ఎరుగుదును. పద్దెనిమిదో ఏట తీసుకున్న పదేళ్ళ పాస్‌పోర్టు సరిగ్గా పీహెచ్‌డీ నడుమ తీరిపోతుంది. కొత్తది తెచ్చుకున్నాక, మూల కత్తిరించిన పాతదాన్ని పనికిరాదని ఇంట్లో అటకమీద పడేసి విమానమెక్కబోయిన ఒకాయన ఉన్నాడు. గడువున్న వీసా ఆ పాతదానిలో ఉంది! రెండూ కలిపి పట్టుకువెళితే ఆ వీసా చెల్లుతుంది. శంషాబాదు నుంచి ఫోను చేస్తే వాళ్ళ తమ్ముడు మోటారుసైకిలు మీద తెచ్చి ఇచ్చాడు.

నా వాదానికి ఎదురు వాదం ఒకటుందని నాకు తెలుసు, అది బలమైనదే. 2025 మార్చి, ఏప్రిల్ నెలల్లో వేలాది విద్యార్థుల సెవిస్ నమోదులను ప్రభుత్వం ఉన్నట్టుండి రద్దు చేసింది. ఎప్పుడో కొట్టివేసిన చిన్న ట్రాఫిక్ కేసులున్నవారి పేర్లు కూడా అందులో ఉన్నాయి. తేదీలన్నీ చూసుకున్నవారు, సంతకాలన్నీ చేయించుకున్నవారు, తెల్లవారి లేచేసరికి స్థితి లేనివారయ్యారు. ఎన్నో కోర్టులు అడ్డుపడ్డాక ఏప్రిల్ 25న ప్రభుత్వం వెనక్కు తగ్గి, నమోదులను పునరుద్ధరిస్తామన్నది. అదే ఏడాది ఆగస్టులో, డి/ఎస్ అనే ఆ రెండక్షరాలు తీసేసి నాలుగేళ్ళకు మించని తేదీ వెయ్యాలని ప్రతిపాదించారు. "వాళ్ళు తలచుకుంటే ఒక్క మీట నొక్కి తుడిచేస్తారు, ఇక ఎంత జాగ్రత్తపడితే ఏం లాభం?" అని ఒక యువ మిత్రుడు నాతో వాదించాడు.

అతడికి నేను పూర్తి సమాధానం చెప్పలేకపోయాను. ఇష్టం వచ్చినట్లు తుడిచే చేతికి కాగితం అడ్డం కాదు, ఒప్పుకుంటాను. కాని న్యాయస్థానం మెట్లెక్కి "నేను ఏ నియమమూ తప్పలేదు" అనాలంటే సాక్ష్యం చెప్పవలసింది ఆ పాత ఐ-20లే, ఆ ఫీజు రసీదులే, ఆ చిరునామా మార్చినట్లు వచ్చిన ఈమెయిళ్ళే. అందుకే కొత్త ఐ-20 రాగానే పాతది చింపి పారెయ్యవద్దంటాను. నా దగ్గర నావి ఐదు ఉన్నాయి. మా ఇంట్లో వాటిని చూసి నవ్వుతారు. పెళ్ళినాటి ఫొటోలు ఎక్కడున్నాయో చెప్పలేను గాని 2005 నాటి ఐ-20 చీకట్లో కూడా తీసి ఇవ్వగలను.

వీసాకు తెలుగు మాట ఏమిటని మీరడిగేలోగా చెబుతాను: వీసాను వీసాగానే ఉండనిద్దాం, అది తెలుగైపోయింది. కావలసింది రెండోదానికి, ఆంగ్లంలో స్టేటస్ అనేదానికి. హోదా అంటే పెద్దరికపు వాసన వస్తుంది. స్థితి మరీ తత్త్వశాస్త్రం. నేను ఈ టపా పొడుగునా స్థితి అనే వాడాను, మనసొప్పకుండానే. "ఉండుబాటు" అంటే ఎలా ఉంటుంది? "వాడి వీసా ఉంది గానీ ఉండుబాటు పోయింది" అని ఒక తల్లి తెనాలిలో అనగలిగితే, రెండూ వేరని ఆవిడకు తెలిసినట్లే. నచ్చకపోతే మీకు తోచినది చెప్పండి. పదాలు పుట్టించడంలో నాకంటే ఘనులు మీలో ఉన్నారు.

ఆ సాయంత్రం మా మేనకోడలికి ఫోను చేసి ఇవేవీ చెప్పలేదు. ఐ-20 తెచ్చుకుని ఎదురుగా పెట్టుకొమ్మన్నాను. చదువు ముగిసే తేదీ ఎక్కడుందో వెదికి చదవమన్నాను. కాసేపు కాగితాల చప్పుడు.

"2027 మే, మావయ్యా."

"వీసా ఎప్పటిదాకా?"

"2030 జూలై." కొంచెంసేపు మాట లేదు. "మరి మధ్యలో ఈ మూడేళ్ళు ఏమిటి?"

అక్కడినుంచి గంటన్నర మాట్లాడుకున్నాం. చివర్లో గొంతు తగ్గించి అడిగింది: "అమ్మ దీనిమీద పసుపు పెట్టేసింది, పరవాలేదా?"

"తేదీ మీద పడిందా?"

"లేదు, కనబడుతోంది."

"అయితే పరవాలేదు" అన్నాను.